బంతియాడు బిడ్డల పాదములు



ఈ నెల మేము వంటయింటి ముచ్చటను గాని, నోముల ముచ్చటను గాని యెత్తుకొనుట లేదు. పాదములను గూర్చి వ్రాయదలచితిమి. అందును ఫుట్‌బాలు ఆడెడు పిల్లల పాదములను గూర్చి. బడిపంతులుగారి భార్యకు బంతియాటతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. మావారును మొదట నవ్విరి. కాని గడచిన యేడాది మా యింట జరిగిన సంగతి విన్న పిమ్మట మీరు నవ్వరని మా నమ్మకము. ఏలయన, ఆ సంగతిలోని దోషము మాది. అట్టి దోషము మీ యింట జరుగకుండుటకే యీ వ్రాత.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు వీధియరుగుమీద కూర్చుండబెట్టుకొని అమరమును, పిదప రఘువంశమును, భారతమును మాకు చెప్పిరి. ఆ భారతములో, ఆనుశాసనిక పర్వమున, ఒక చిన్న కథ కలదు. జమదగ్ని మహర్షి యొకనాడు వినోదార్థము బాణములు వేయుచుండెను. రేణుకాదేవి పరుగున పోయి వానిని ఏరి తెచ్చి యిచ్చుచుండెను. జ్యేష్ఠమాసము, మిట్టమధ్యాహ్నము. ఆమె తలయు పాదములును కాలిపోయినవి. ఒక చెట్టునీడను క్షణకాలము నిలిచి, భర్త శపించునేమో యని వడకుచు తిరిగివచ్చినది. ఆలస్యమేల యని ఋషి కోపించెను. ఎండకు కాళ్ళు కాలినవని ఆమె చెప్పినది. అంతట ఆయన కోపము సూర్యునిమీదికి మరలినది. సూర్యుడు బ్రాహ్మణరూపమున వచ్చి, శరణు వేడి, గొడుగును పాదరక్షలను ఇచ్చిపోయెను. లోకమున గొడుగులు, చెప్పులు వచ్చిన విధమిది యని భీష్ముడు ధర్మరాజునకు చెప్పెను.

చిన్ననాడు దీనిని మేము సూర్యుని కథగా వింటిమి. ఇప్పుడది మాకు రేణుక కథగా తోచుచున్నది. ఆమె నొప్పిని చెప్పుటకు భయపడినది, అడుగగా చెప్పినది, చెప్పినందున చెప్పులు వచ్చినవి. మా యింట భయపడిన బిడ్డ యుండెను గాని, అడిగినవారు లేకపోయిరి.

మా పెద్దమ్మాయికి అప్పటికి పదమూడేండ్లు. బడిలో ఆడపిల్లలకు ఫుట్‌బాలు జట్టు కట్టినపుడు తానును చేరెదనని పట్టుపట్టినది. మా యత్తగారు, "ఆడపిల్లకి కాళ్ళు విరగ్గొట్టుకునే ఆటలెందుకే?" అనిరి. మావారు, "పోనీ అమ్మా, ఆడనీ" అనిరి. నిజామాబాదు జిల్లాలోని తండానుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారతదేశపు జట్టులో ఆడినది గదా. 2022లో పదునేడేండ్లలోపు బాలికల ప్రపంచపు పోటీలు మన దేశముననే జరిగినవి గదా. మన పిల్ల బడి మైదానములో ఆడిన తప్పేమి యని వారి వాదము. మేము పైకి ఏమియు ననకపోయినను, లోపల అత్తగారి పక్షముననే యుంటిమి. ఈ మాట గుర్తుంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది.

బూట్లు కొనుటకు పిల్లను దుకాణమునకు తీసికొనిపోయినది మేమే. నెల చివరి దినములు. పెరిగెడు కాలు గదా యని రెండు సైజులు పెద్దవి యేరితిమి. పరికిణీకి లోమడతలు పెట్టి కుట్టించి, యేటేట ఒక మడత విప్పెడు అలవాటు గల మాకు అది చక్కని గృహిణీధర్మముగనే తోచినది. బూటు ముందుభాగమున దూది కుక్కి, "ఇవి రెండేళ్ళు రావాలి సుమా" యని చెప్పి యిచ్చితిమి. మేము సాధారణముగ కొనెడు బూట్లలో ఒక్కొక్క సైజునకు ఇంచుమించు 8.5 మిల్లీమీటర్ల తేడా యుండును. రెండు సైజులనగా 17 మిల్లీమీటర్లు. పరికిణీలో అంత వదులుండిన చిక్కు లేదు. బూటులో అంత వదులుండుట ఆపద. పరుగెత్తుచు ఆగినప్పుడెల్ల కాలు ముందునకు జారి వ్రేళ్ళు బూటుకొనకు కొట్టుకొనును. అడుగు వేసినప్పుడెల్ల మడమ పైకి లేచి వెనుక యట్టకు ఒరసికొనును. ఈ సంగతి ఆనాడు మా బుద్ధికి తట్టలేదు.

రెండు వారములు గడచినవి. ఆ రోజులలో పిల్ల తన మేజోళ్ళను తానే ఉదుకుకొనుచుండెను. "చూశారా, ఆటలో చేరాక ఎంత పనిమంతురాలయిందో" యని మేము అత్తగారితో మురిసికొంటిమి. మడమమీది బొబ్బ పగిలి మేజోడునకు నెత్తురంటుచున్నదనియు, అది మా కంటబడకుండుటకే యా ఉదుకుడనియు మాకు తెలియదు.

మూడవ వారమున పోటీ జరిగినది. బంతిని వెంబడించి గిఱ్ఱున మలగబోగా బూటు ఒకవైపునకును, అందులోని కాలు ఒకవైపునకును పోయి, చీలమండ లోపలికి మడతపడినది. తోడి పిల్లలు మోసికొనివచ్చి యరుగుమీద దించిరి. మేజోడు తీసి చూతుము గదా, మడమమీద రూపాయి బిళ్ళంత తోలు లేచిపోయి పచ్చిపుండు. బొటనవ్రేలి గోరు నల్లబడినది. చీలమండ వంకాయవలె ఉబ్బియుండెను.

అప్పుడు మేము చేసిన వైద్యము వినుడు. ఆముదము వెచ్చచేసి గట్టిగా మర్దించితిమి. చింతపండును ఉప్పును కలిపి ఉడికించి వేడివేడిగా పట్టు వేసితిమి. "ఇలుకు పట్టింది, నలిపితే పోతుంది" అని అత్తగారు ఓదార్చుచుండిరి. పిల్ల దిండు కఱచి పట్టుకొని యేడ్చినది. తెల్లవారుసరికి వాపు రెండింతలైనది, నాలుగడుగులు వేయలేకపోయినది. వైద్యురాలు ఎక్స్-రే తీయించి చూచి, చీలమండ వెలుపలి యెముకకొనను సన్నని బీట పడినదని చెప్పి, నాలుగు వారములు కట్టు కట్టినది.

ఆ రాత్రి మా మనస్సున కలిగిన తలంపును సిగ్గుతో వ్రాయుచున్నాము. "కాలు విరిగింది కనుక ఇక ఆట మానుతుంది" అనుకొంటిమి. ఆ తలంపుతో దుఃఖము రాలేదు, ఊరట వచ్చినది. మేము నోటితో వలదనలేకపోయిన దానిని ఆ గాయము వలదన్నట్లు తోచినది.

మఱునాడు వైద్యురాలు పుండునకు కట్టు మార్చుచు, "ఇన్నాళ్ళూ అమ్మకి ఎందుకు చెప్పలేదమ్మా?" యని పిల్లను అడిగినది. పిల్ల మావైపు చూడక, "చెబితే ఆట మాన్పిస్తుంది" అన్నది.

మేము అత్తగారి పక్షమున నుంటిమని యెవరితోను చెప్పలేదు. అయినను బిడ్డ కనిపెట్టినది. పుండును దాచినది బిడ్డ. దాచునట్లు చేసినది మేము. పెద్దదని తెలిసియు ఆ బూటును రెండేండ్లు తొడుగవలెనని యనుశాసించినదియు మేమే. ఆనాటినుండి మావారిని, వైద్యురాలిని, బడిలో ఆట నేర్పెడివారిని వేధించి నేర్చుకొన్న విషయములను మీకు నివేదించుచున్నాము.

మొదట మా యత్తగారి ప్రశ్న. "పూర్వం వట్టికాళ్ళతో ఆడలేదా? ఈ బూట్లే చేటు తెచ్చాయి" అని వారి వాదము. ఇందులో సగము నిజమున్నది. 1911వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు సైనికులను 2-1తో గెలిచి షీల్డు పట్టుకొనినపుడు, వారి పదునొకండుగురిలో పదుగురు వట్టికాళ్ళతోనే ఆడిరి. 1948లో లండను ఒలింపిక్సున మనవారిలో పెక్కుమంది వట్టికాళ్ళతోనే ఫ్రాన్సుతో తలపడి, 1-2తో ఓడినను, మెప్పు పొందిరి. చిన్ననాటినుండి నేలను త్రొక్కి కాయకట్టిన పాదమునకు బంతి చక్కగా లొంగును. కాని 1952లో హెల్సింకీ ఒలింపిక్సున చలిదేశపు మైదానమున యుగోస్లావియా చేతిలో మనజట్టు 1-10తో ఓడిపోయినది. అందును పలువురు బూట్లు లేకయే ఆడిరి. అటుపిమ్మట మన దేశపు ఫుట్‌బాలు సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసినది. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్ను ఒలింపిక్సున మనవారు బూట్లు తొడిగి ఆడి నాలుగవ స్థానము పొందిరి. ఆ జట్టునకు శిక్షకుడు మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకము తెచ్చిన జట్లను తీర్చినవాడును ఆయనయే. ఆయనయు వృత్తిచేత బడిపంతులే యని చెప్పునపుడు మావారి మొగము వెలిగిపోవును.

కావున వట్టికాలు నింద్యము కాదు. శుభ్రమైన ఇసుకలోను, గడ్డినేలలోను బిడ్డలు వట్టికాళ్ళతో పరుగెత్తిన పాదములకు బలము వచ్చును. కాని మన యూళ్ళ మైదానములలో పల్లేరుకాయలు, గాజుపెంకులు, తుప్పుమేకులు ఉండును. ఎదుటివారు బూట్లు తొడిగి త్రొక్కినపుడు వట్టికాలి గతి యేమి? పోటీ నియమములలోనే బూట్లును, మోకాటిక్రింద ముందుయెముకను కాచెడు పిక్కబిళ్ళలును ఉండితీరవలెనని యున్నది. ఆ బిళ్ళలు లేక పిల్లలను పంపకుడు. అక్కడ ఎముకకును తోలునకును నడుమ కండ లేదు.

ఇక బూటు కొనుట. ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. బాల్యమున వాని కొనలు ఇంకను మృదువుగనే యుండును. వానిని అదుముటయు తప్పే, వదులుగా విడుచుటయు తప్పే. సాయంకాలము పోయి కొనుడు. పగలంతయు తిరిగిన పాదము కొంత ఉబ్బియుండును, ఆటలోను అట్లే ఉబ్బును. ఆటకు తొడిగెడు మేజోళ్ళనే వెంట తీసికొనిపోయి, వానితోనే బూటు తొడిగి చూడవలెను. బిడ్డను నిలువబెట్టి చూడుడు. కూర్చున్నపుడు కంటె నిలిచినపుడు పాదము చాగును. రెండు పాదములును సమానముగ నుండవు. పెద్దదానికి సరిపడు బూటును కొనవలెను. అన్నింటికంటె పొడుగైన వ్రేలికి ముందు ఒక సెంటీమీటరునకు మించని చోటు చాలును. వెనుక మడమ కదలకూడదు. చిటికెనవ్రేలివైపు తోలు బిగిసి ఉబ్బిన యెడల ఆ బూటు ఇఱుకు. "వాడగా వాడగా సాగుతుంది" అని అంగడివాడు చెప్పిన మాటను నమ్మకుడు. తోలు సాగులోపల కాలు పుండగును. కొన్న బూటును వెంటనే పోటీకి తొడుగనీయక, వారము దినములు ఇంటివద్దను, చిన్న ఆటలలోను అలవాటు చేయింపుడు. రెండు మూడు నెలలకొకమారు బొటనవ్రేలిచోటు నొక్కి చూచుచుండుడు.

బూటు అడుగున బొడిపెలుండును. అవి నేలనుబట్టి మాఱవలెను. పొడుగు బొడిపెలు మెత్తని తడిగడ్డికొఱకు చేసినవి. మన యెఱ్ఱనేలలు వేసవిలో రాతివలె నుండును. అట్టి నేలమీద పొడుగు బొడిపెలు దిగక, రాళ్ళవలె అరికాలిని క్రిందినుండి పొడుచును. మడమ నొప్పియు వచ్చును. మఱి బొడిపెలు నేలను మితిమీరి పట్టిన యెడల కాలు అక్కడనే నిలిచి ఒడలు తిరిగిపోవును. ఆ మెలిక మోకాటికి తగులును. మోకాటిలోని కట్టునరము తెగుట మగపిల్లలకంటె ఆడపిల్లలలో ఎక్కువ గనుక మనము మఱింత జాగ్రత్తగా నుండవలెను. గట్టినేలకు పొట్టివియు, రబ్బరువియు, లెక్కకు ఎక్కువగా నున్నవియు నగు బొడిపెల బూట్లు మేలు.

మేజోళ్ళు నిత్యము ఉదికినవై, ఆరినవై, ముడుతలు లేనివై యుండవలెను. తడి మేజోడు, ముడుత, వదులు బూటు — ఈ మూడును కలిసిన బొబ్బ తప్పదు. కాలిగోళ్ళను వారమునకొకమారు అడ్డముగా తిన్నగా కత్తిరింపుడు. మూలలను గుండ్రముగా లోతునకు తీసిన యెడల గోరు కండలోనికి పెరిగి చీము పట్టును. ఆటనుండి వచ్చినంతనే కాళ్ళు కడిగి, వ్రేళ్ళసందులను పొడిగుడ్డతో ఒత్తవలెను. తడి నిలిచినచోట పాచి పట్టి దురద పుట్టును. కాళ్ళు కడుగక లోనికి రారాదను మన యిండ్ల ఆచారము ఇందుకును అక్కఱకు వచ్చుచున్నది. బూట్లను తలుపుమూలకు విసరక, లోపలి అట్ట తీసి నీడగాలికి ఆరబెట్టుడు.

బొబ్బ లేచుటకు ముందు ఆ చోట ఎఱ్ఱనై మండును. అప్పుడే ఆట ఆపి అంటుపట్టీ వేసిన బొబ్బ లేవదు. లేచిన చిన్నబొబ్బను చిదుపకుడు. పైతోలే దానికి మంచి కట్టు. తానే పగిలిన యెడల ఆ తోలును చింపక, సబ్బునీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో కట్టుడు. కాఫీపొడి, సున్నము, బూడిద వేయుట మన యిండ్లలో నున్న అలవాటు, అది మానుడు. చుట్టును ఎఱుపు ప్రాకినను, చీము పట్టినను, జ్వరము తగిలినను వైద్యుని చూడవలెను. ధనుర్వాతము రాకుండ వేయు సూది పదవ యేటను, పదునాఱవ యేటను పడవలసినది. మీ పిల్లలకు పడినదో లేదో చూచుకొనుడు.

ఎనిమిదినుండి పదునాలుగేండ్ల నడుమ పిల్లలు మడమ నొప్పియని కుంటుచు వచ్చెదరు. మడమ యెముకలో పెరుగుచున్న భాగమును పిక్కనరము లాగుటచే ఈ బాధ కలుగును. మడమను రెండు ప్రక్కల వ్రేళ్ళతో నొక్కిన నొప్పి తెలియును. ఇది బద్ధకము కాదు, నటన కాదు. కొన్నాళ్ళు పరుగు తగ్గించి, మడమక్రింద మెత్తవేసి, పిక్కలను మెల్లగా సాగదీయు అభ్యాసము చేయించిన యెడల క్రమముగా తగ్గును. పెరుగుదల ముగియగా పూర్తిగా పోవును.

ఇక మా యింట జరిగిన బెణుకు. మొదటి రెండు మూడు దినములు మర్దన వలదు, కాపడము వలదు, వేడిపట్టు అసలే వలదు. తోలుక్రింద నెత్తురు స్రవించుచున్న చోట వేడి చేసిన వాపు పెరుగును. కాలిని దిండ్లమీద ఎత్తి పెట్టి, మంచుముక్కలను తువాలులో చుట్టి పదునైదు ఇరువది నిమిషములు ఉంచి తీయుడు. కొన్ని గంటలకు మరల ఉంచుడు. మంచును తిన్నగా తోలుకు తగిలింపరాదు. సాగెడు గుడ్డతో, రక్తప్రసారము ఆగనట్లుగా కట్టుడు. బిడ్డ నాలుగడుగులు వేయలేకపోయినను, చీలమండయెముకను నొక్కగా నొప్పియన్నను, ఇంటివైద్యము కట్టిపెట్టి ఎక్స్-రేకు తీసికొనిపొండు. పిల్లలలో ఎముకకొనలయందే పెరుగుదల యున్నది గనుక, అచట తగిలిన దెబ్బను ఇలుకని నలుపరాదు. మా యత్తగారు ఈ మాట విని చాలసేపు ఊరకుండి, "నా చేతులతో నలిపానే తల్లీ" యని పిల్లను దగ్గఱకు తీసికొనిరి. నలుపుమని నూనె వెచ్చచేసి యిచ్చినది మేమే గదా.

రాకమునుపే తప్పించుకొనుట మేలు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? ఫిఫా వైద్యులు 2006లో "పదునొకండు ప్లస్" అను సన్నాహమును సమకూర్చిరి. అందు 15 అభ్యాసములు కలవు. అన్నియు ఇరువది నిమిషముల పని. ఎనిమిది నిమిషములు మెల్లని పరుగులు, పది నిమిషములు బలమునకును నిలుకడకును గెంతుటకును తగిన అభ్యాసములు, రెండు నిమిషములు వడిపరుగులు. 13నుండి 17 ఏండ్ల ఆడపిల్లల జట్లలో దీనిని నార్వేదేశమున పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. అభ్యాసము చేసిన జట్లలో గాయములు మొత్తముమీద ఇంచుమించు మూడవవంతు తగ్గినవి. పెద్ద గాయములు దాదాపు సగమునకు తగ్గినవి. దీనికి డబ్బు అక్కఱలేదు. వారమునకు రెండుమార్లయినను మానక చేయించెడు పెద్దదిక్కు కావలెను. మా పిల్ల కట్టు విప్పిన తరువాత, వైద్యురాలి యనుమతితో, పండ్లు తోముకొనునంతసేపు ఒక్కొక్క కాలిమీద మార్చి మార్చి నిలుచుచుండెను. ఒకమారు బెణికిన చీలమండ మరల బెణుకకుండ ఈ నిలుకడ కాపాడునట. "మా ధ్రువుడమ్మా" యని అత్తగారు నవ్వుచుందురు.

డబ్బుమాట మిగిలినది. సరిపడు బూటు ఆరునెలలకే చాలకపోవచ్చును. మనవంటి యిండ్లకది భారమే. మేము దీనికొక ఉపాయము చేసితిమి. కాలికి చాలక మూలబడిన బూట్లను తుడిచి ఆరబెట్టి బడికి పంపుమని తల్లులను కోరితిమి. మావారు వానిని ఒక పెట్టెలో సైజు వరుసను పెట్టించిరి. చిన్నవారు వచ్చి తమ కొలతకు తగినది తీసికొందురు. తమది చిన్నదైనపుడు తిరిగి పెట్టుదురు. మడమ అణగిపోయినదియు, బొడిపెలు ఒకప్రక్క అరిగినదియు నగు బూటును మాత్రము ఆ పెట్టెలో వేయము. మేము కొన్న యా పెద్దబూట్లును అందులోనే యున్నవి. అవి సరిపోయిన పెద్దపిల్ల యొకతె ఇప్పుడు వానితో ఆడుచున్నది.

మా అమ్మాయి నాలుగు నెలలకు మరల మైదానమునకు పోయినది. పంపుటకు ముందు మేము దానిని కూర్చుండబెట్టుకొని ఒక మాట యిచ్చితిమి: "నొప్పి అని చెప్పినందుకు నీ ఆట మాన్పించను. నొప్పి తగ్గేదాకా ఆపుతాను, అంతే." ఈ మాట యిచ్చుట మాకు తేలిక కాలేదు. ఇప్పటికిని అది బంతికై ఎగబడునపుడు మా గుండె కొట్టుకొనును. కాని యా మాటయే బూటుకంటె ముందు తొడుగవలసిన పాదరక్ష యని తెలిసికొంటిమి. బూటెంత మంచిదైనను, లోపలి నొప్పి బిడ్డ చెప్పిననే గాని మనకు తెలియదు గదా.

మొన్న సాయంకాలము ఆటనుండి వచ్చి, మేము అడుగకమునుపే అరుగుమీద కూర్చుండి కాలు చాచి, "అమ్మా, ఇక్కడ కొంచెం మండుతోంది, చూడు" అన్నది. చిటికెనవ్రేలిప్రక్క తోలు కొంచెము ఎఱ్ఱనైనది, బొబ్బ లేవలేదు. పట్టీ వేసితిమి. రెండు దినములు విశ్రమించి మూడవనాడు ఆడినది.

సోదరీమణులారా, మీ బిడ్డలు ఆడి యింటికి వచ్చినపుడు గెలిచితిరా ఓడితిరా యని తరువాత అడుగవచ్చును. ముందు కాళ్ళు చూపుమనుడు.